వరుసలో నిలబడ్డవాళ్లు: చెక్క బ్లాకుల కాలపు పత్రికా చిత్రాలు

1869 డిసెంబరు 4వ తేదీన లండన్‌లో ‘ది గ్రాఫిక్’ అనే సచిత్ర వారపత్రిక మొదటి సంచిక వెలువడింది. అందులో ల్యూక్ ఫిల్డెస్ అనే యువ చిత్రకారుడు గీసిన ఒక బొమ్మ ఉంది. చలికాలపు రాత్రి, పోలీసు స్టేషను గోడవారగా కొందరు వరుసగా నిలబడి ఉన్నారు. ఇల్లూ వాకిలీ లేనివారు ఒక్క రాత్రికి పేదల వసతిగృహంలో తలదాచుకోవాలన్నా ముందుగా పోలీసుల దగ్గర చీటీ తీసుకోవాలన్నది అప్పటి లండన్ పద్ధతి. ఆ చీటీ కోసం నిలబడ్డవాళ్లే వీళ్లంతా. చంకన బిడ్డను వేసుకొని ఇంకో పిల్లను కొంగు పట్టించుకున్న తల్లి ఉంది, గోడకు ఆనుకొని తూలుతున్న మనిషి ఉన్నాడు, ఎవరి వంకా చూడకుండా తల దించుకున్నవాళ్లు ఉన్నారు. బొమ్మ కింద పెట్టిన పేరుకు అర్థం ఇల్లూ లేదు, తిండీ లేదు అని.

బొమ్మలో జరుగుతున్నదంటూ ఏమీ లేదు. పడిపోయిన వంతెన లేదు, తగలబడుతున్న ఓడ లేదు, ఊరేగింపులో రాణి లేదు. పత్రికాఫీసులో నేడు ఎవరైనా ఇలాంటి బొమ్మ తెచ్చి ఇస్తే ‘ఇందులో వార్త ఏముంది’ అని అడుగుతారు. అయినా 1840లనుంచి 1890 దాకా, సుమారు యాభయ్యేళ్ల కాలంలో లండన్ వారపత్రికలు అచ్చువేసిన వేల చిత్రాల్లో పట్టాభిషేకాలు, పెళ్లిళ్లు, యుద్ధాలు, ప్రారంభోత్సవాలు అన్నీ పాతబడి పోయి, ఇలా ఊరికే నిలబడి ఎదురుచూసే మనుషుల బొమ్మలు మాత్రం పాతబడకుండా మిగిలాయని నా అభిప్రాయం. ఆ బొమ్మల్ని స్కాన్ ప్రతుల్లో పెద్దవి చేసి చూస్తూ వచ్చిన కొద్దీ, వాటి బలం సగం చిత్రకారుడి మనసులో ఉంటే సగం ఆ బొమ్మ తయారైన పద్ధతిలోనే ఉందని కూడా అనిపిస్తోంది. ఆ పద్ధతి గురించి కొంచెం వివరంగా చెప్పాలి.

సచిత్ర వారపత్రికల కథ 1842 మే 14న మొదలైంది. హెర్బర్ట్ ఇంగ్రామ్ అనే ఆయన నాటింగ్‌హామ్‌లో పత్రికలు అమ్ముకునేవాడు. ఏ వారం పత్రికలో బొమ్మ ఉంటుందో ఆ వారం ఎక్కువ ప్రతులు పోతున్నాయని దుకాణంలో కూర్చొనే గ్రహించాడు. ఆ గ్రహింపుతోనే లండన్ చేరి ‘ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్’ స్థాపించాడు. మొదటి సంచిక 16 పుటలు, 32 బొమ్మలు, వెల ఆరు పెన్నీలు, అమ్ముడైనవి 26,000 ప్రతులు. ఆ సంచికలో హాంబర్గ్ నగరం తగలబడుతున్న బొమ్మ ఒకటి వేశారు. తీరా చూస్తే దాన్ని గీసినవారెవరూ హాంబర్గ్ వెళ్లలేదు. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న ఆ ఊరి పాత చిత్రం ఒకటి తీసి, నకలు చేసి, దానికి మంటలూ పొగా చేర్చారు. పాత బొమ్మకు కొత్త వార్త తగిలించే విద్య మన ఫోన్లతో పుట్టింది కాదన్నమాట.

ఈ బొమ్మలన్నీ చెక్క మీద చెక్కినవి. చెక్క అనగానే పలక మీద ఉలితో చెక్కే మోటు అచ్చులు మనసులోకి వస్తాయి గానీ, ఇది వేరు. పొదజాతికి చెందిన బాక్స్‌వుడ్ అనే చెట్టు మానును నిలువుగా కోయకుండా అడ్డంగా కోస్తారు. అలా కోసినప్పుడు పోగుల చివరలు పైకి వస్తాయి కాబట్టి ఆ ముఖం మీద ఏ దిక్కుకు గీత లాగినా చెక్క చీలదు, పెళ్లలు లేవదు. దాని మీద రాగిరేకు చెక్కేవాళ్లు వాడే సన్నని ఉక్కు పనిముట్లతో వెంట్రుకంత గీత తీయవచ్చు. న్యూకాసిల్‌లో థామస్ బ్యూయిక్ అనే ఆయన పద్దెనిమిదో శతాబ్దం చివరలో జంతువుల, పక్షుల బొమ్మలతో ఈ పనికి ఒక స్థాయి తెచ్చాడు. ఆయన తరువాతి తరాలు దాన్ని పత్రికల వేగానికి లొంగదీశాయి.

ఇందులో గమనించవలసిన సంగతి ఒకటి ఉంది. రాగిరేకు మీద చెక్కిన గీతలో సిరా నిండి అది నల్లగా పడుతుంది. చెక్క బ్లాకులో అలా కాదు. చెక్కి తీసేసిన చోటు తెల్లగా మిగులుతుంది, ముట్టుకోకుండా వదిలిన చోటు నల్లగా పడుతుంది. కాబట్టి ఆ తల్లి చెంప మీద కనిపించే దీపం వెలుగు చెక్కలో ఒక గుంట. చెక్కేవాడు చీకటి నిండిన పలకతో మొదలుపెట్టి, ఒక్కొక్క ముఖాన్ని అందులోంచి తవ్వి తీస్తాడు. అదీ అద్దంలో చూసినట్టు కుడిఎడమలు తారుమారుగా. తప్పు గీత పడితే చెరపడానికి వీల్లేదు. ఆ చోటును తొలిచి, కొత్త చెక్క బిరడా బిగించి, మళ్లీ చెక్కవలసిందే.

పత్రికలు రాగిరేకును వదిలి ఈ చెక్కనే ఎందుకు పట్టుకున్నాయో తెలియాలంటే లెటర్‌ప్రెస్, అంటే ఎత్తుగా లేచిన అక్షరాలకు సిరా పూసి కాగితం మీద ఒత్తే అచ్చు పద్ధతి, తెలిసి ఉండాలి. నేను చదువుకునే రోజుల్లో సెలవులు వస్తే నల్లగొండ ప్రకాశం బజారు పక్క సందులో ఒక చిన్న ప్రెస్సులో పనికి పోయేవాణ్ణి. పెళ్లిపత్రికలు, రసీదు పుస్తకాలు, జాతర కరపత్రాలు మా పని. పెళ్లిపత్రిక మీద వేసే వినాయకుడి బొమ్మ జింకు రేకు బ్లాకుగా హైదరాబాదు నుంచి వచ్చేది. ఆ రేకును చెక్కదిమ్మ మీద మేకులతో కొట్టి ఉండేది. దాన్ని అక్షరాలతో పాటు చేజు అనే ఇనుప చట్రంలో బిగించి ట్రెడిల్ అనే అచ్చుయంత్రం మీద ఎక్కించేటప్పుడు, అక్షరాలు పేర్చే పెద్ద కంపోజిటర్ తప్పకుండా వేలితో తడిమి చూసేవాడు. ‘బొమ్మ జర పొట్టిగుంటె సిరా వడదు బిడ్డా, పొడుగుంటె పక్క అక్షరాల్ని తింటది’ అనేవాడు. పొట్టిగా ఉంటే దిమ్మ కింద పాత క్యాలెండరు కాగితం ముక్క అంటించేవాడు. ఒక ముక్క చాలకపోతే సిగరెట్టు పెట్టె అట్ట కూడా చేరేది. లండన్ పత్రికలవాళ్లు బాక్స్‌వుడ్ దిమ్మను అచ్చక్షరం ఎత్తుకు, అంటే ఇంగ్లీషు కొలతలో 0.918 అంగుళానికి, సరిగ్గా కోసేవాళ్లు. అందువల్ల అక్షరాలూ బొమ్మా ఒకే ఫారంలో, ఒకే సిరాతో, ఒకే దెబ్బకు అచ్చయ్యేవి. రాగిరేకు అయితే బొమ్మకు వేరే యంత్రం, వేరే కాగితం, వేరే కూలి కావాలి. అలా చేస్తే ఆరు పెన్నీల పత్రిక ఎవరూ వేయలేరు.

అయితే బాక్స్‌వుడ్ చెట్టు సన్ననిది. మంచి చెక్క నల్లసముద్రం వైపునుంచీ టర్కీనుంచీ వచ్చేది. ఎంత వెతికినా దాని మానులోంచి పత్రిక పుటంత దిమ్మ రాదు. అందుకని చిన్న చిన్న దిమ్మలను వెనకనుంచి బోల్టులతో బిగించి పెద్ద బ్లాకు చేశారు. ఇక్కడే వారపత్రికవాళ్లకు ఒక వరం దొరికింది. చిత్రకారుడు మొత్తం బ్లాకు మీద బొమ్మ గీసేశాక బోల్టులు విప్పి, ముక్కకొక మనిషి చొప్పున చెక్కడానికి పంచేవాళ్లు. ఒక్కడే కూర్చొని చెక్కితే వారాలు పట్టే పని ఒక రాత్రిలో తేలిపోయేది. విప్పే ముందు పెద్ద మేస్త్రీ అతుకుల మీద గీతలు కొంతమేర తానే చెక్కి పెట్టేవాడు, లేకపోతే ఒకడి గీతకూ పక్కవాడి గీతకూ పొత్తు కుదరదు. మళ్లీ బిగించాక తేడాలు సవరించేదీ ఆయనే. ఆకాశం, గోడ, నేల వంటి చోట్ల సమానమైన గీతలు లాగే పని కొత్తవాళ్లకు, ముఖాలూ చేతులూ పనితనం తెలిసినవాళ్లకు. దీపం ముందు నీళ్లు నింపిన గాజుబుడ్డి పెట్టి ఆ వెలుగు దిమ్మ మీద పడేలా చేసుకొని, ఇసుక నింపిన తోలుసంచి మీద దిమ్మను తిప్పుకుంటూ తెల్లవార్లూ చెక్కేవాళ్లు. బొమ్మ కింద చిత్రకారుడి పేరు పడేది, చెక్కించిన కార్ఖానా పేరు పడేది. ముక్కలు చెక్కినవాళ్ల పేర్లు ఎక్కడా ఉండవు.

బొమ్మను బాగా పెద్దది చేస్తే ఈ పనంతా కంటికి దొరుకుతుంది. చాలా ప్రతుల్లో నిలువునా అడ్డంగా సన్నని తెల్లగీతలు సాగి ఉంటాయి. బోల్టులు కాస్త వదులైనప్పుడు అతుకు విచ్చుకొని పడ్డ గీతలు అవి. ఒక గుంపు బొమ్మలో అలాంటి గీత ఒకటి ఆకాశంలో మొదలై, ఇంటికప్పు దాటి, ఒక మనిషి టోపీ అంచు మీదుగా దిగి, భుజం దగ్గర పోగుల నల్లదనంలో మాయమవుతుంది. గీతకు ఇవతల కోటు మీద నీడ గళ్లుగళ్లుగా అల్లి ఉంటే అవతల అదే కోటు మీద నీడ ఏటవాలు గీతలుగా ఉంది. ఒకే మనిషి కుడిభుజం ఒకరి చేతిలో, ఎడమభుజం ఇంకొకరి చేతిలో తయారయ్యాయన్నమాట. వరుసలో పక్కపక్కన నిలబడ్డ ఇద్దరి ముఖాలు కూడా చాలాసార్లు వేర్వేరు చేతులవే. గుంపులో ఎవరి ముఖం వారికి ఉండడానికి ఇదీ కొంత కారణమేమో అనుకుంటాను. వాకిట్లో పెద్ద ముగ్గును ఇంటి ఆడపిల్లలు తలొక మూలా పట్టినట్టుగా, చుక్కలు ఒకరివే అయినా తీగ వంపులో ఎవరి చెయ్యి వారిది.

‘ది గ్రాఫిక్’ స్థాపించిన విలియం లూసన్ థామస్ స్వయంగా చెక్కుడు పనివాడు కావడం యాదృచ్ఛికం కాదు. అంతవరకూ పత్రికలు ఎక్కువగా తమ జీతగాళ్ల చేతనే గీయించేవి. థామస్ బయటి చిత్రకారులను పిలిచి, విషయం వాళ్లకే వదిలి, పెద్ద పుట ఇచ్చాడు. ఫిల్డెస్, హ్యూబర్ట్ హెర్కొమర్, ఫ్రాంక్ హాల్ అలా వచ్చినవారే. హెలెన్ పాటర్సన్ అనే యువతిని కూడా చిత్రకారిణిగా ఉద్యోగంలో పెట్టుకున్నాడు. 1871 ఫిబ్రవరిలో హెర్కొమర్ చెల్సీ ఆసుపత్రి ప్రార్థనామందిరంలో ఆదివారం నాడు బల్లల మీద కూర్చున్న ముసలి సిపాయిలను గీశాడు. 1872లో హాల్ రైల్వే స్టేషనులో బండికోసం ఎదురుచూసేవాళ్లను గీశాడు. 1877లో హెర్కొమర్ పేదల వసతిగృహంలో కుట్టుపని చేసుకుంటున్న ముసలమ్మలను గీశాడు. తరువాత వీటినే వాళ్లు పెద్ద తైలవర్ణ చిత్రాలుగా మార్చారు. ఫిల్డెస్ వరుస 1874లో రాయల్ అకాడెమీ ప్రదర్శనకు ఎక్కింది. ఆ పెద్ద చిత్రంలో గోడ మీద అంటించిన ప్రకటనలు చదువుకోవచ్చు. తప్పిపోయిన కుక్కకు 20 పౌండ్ల బహుమానం, వదిలేసిన పసిబిడ్డ ఆచూకీకి 2 పౌండ్లు. ఆ చిత్రం చూడవచ్చిన జనాన్ని అదుపుచేయడానికి కంచె కట్టి పోలీసును నిలబెట్టవలసి వచ్చిందట.

పెద్ద చిత్రాల కంటే పత్రిక బొమ్మలే నాకు నచ్చుతాయి. రంగుల్లోకి వచ్చేసరికి ఆ పేదరికానికి కొంత నగిషీ అంటుకుంది, చూసి కంటతడి పెట్టుకోవడానికి అనువుగా సర్దినట్టు ఉంటుంది. నలుపుతెలుపుల్లో ఆ సర్దుబాటుకు చోటు తక్కువ. ఈ మాట విన్సెంట్ వాన్ గో కూడా ఒప్పుకునేవాడేమో. ఆయన ఇరవయ్యేళ్ల వయసులో లండన్‌లో చిత్రాల కొట్టులో ఉద్యోగం చేస్తూ, వారం వారం ఈ పత్రికల ఆఫీసుల కిటికీల ముందు నిలబడి కొత్త బొమ్మలు చూసేవాడు. తరువాత చేతిలో డబ్బు ఆడని రోజుల్లో, 1883 జనవరిలో, ‘ది గ్రాఫిక్’ పాత సంపుటాలు 21 కొని తెచ్చుకున్నాడు. బొమ్మలు కత్తిరించి దళసరి కాగితాలకు అంటించి దాచుకున్నాడు. మిత్రుడు వాన్ రాపార్డ్‌కు రాసిన ఉత్తరాల్లో హెర్కొమర్, ఫిల్డెస్, హాల్ పేర్లు గురువుల పేర్లలా వస్తాయి. బొమ్మల సంతలో ఎందుకూ కొరగానివని ఇతరులు పారేసిన పత్రిక కాగితాలవి.

హాల్ గీసిన రైల్వే స్టేషను బొమ్మ దగ్గర పాలమూరు వాడెవడైనా ఒక నిమిషం ఆగుతాడు. నారాయణపేట, మద్దూరు, కోస్గి వైపు ఊళ్లనుంచి బొంబాయికీ పూనాకీ పోయే బస్సుల కోసం రోడ్డుమీద కూర్చున్నవాళ్లను చూసినవారికి ఆ బల్ల మీది మనుషుల కూర్చోవడం తెలుసు. బియ్యం సంచి, జొన్నపిండి మూట, మడిచి కట్టిన బొంత, మధ్యలో నిద్రపోతున్న పిల్ల, కాస్త దూరంగా ఫోనులో మాట్లాడుతున్న గుంపు మేస్త్రీ. దేశంలో ఎక్కడ ఆనకట్ట లేచినా మట్టిపనికి పాలమూరు లేబర్ పోయింది. వలస మీద మన పత్రికల్లో లెక్కలు వచ్చాయి, కవితలు వచ్చాయి, ఫొటోలు కూడా వచ్చాయి. కానీ ఆ ఫొటోల్లో ఎక్కువ భాగం బస్సు మీద సామాను, బస్సు వెనకనుంచి జనం. పత్రిక పుట నిండా ఆ కూర్చున్న పదిమంది ముఖాలను తీరిగ్గా గీసినవారు నాకు తెలిసి అరుదు.

వరుసల సంగతీ అంతే. యూరియా కొరత వచ్చిన ఏడాదల్లా జిల్లా పేజీల్లో ఒకే రకం ఫొటో పడుతుంది. సొసైటీ గోదాము ముందు చెప్పుల వరుస. పొద్దున్నుంచి నిలబడలేని రైతులు తమ వంతుకు గుర్తుగా చెప్పులు పెట్టి చెట్టు నీడకు పోతారు. కొందరు పాసుపుస్తకం జిరాక్సు మీద రాయి పెడతారు. ఫొటోగా అది గొప్ప ఫొటోనే, కాదనను. తెగిన బద్దీని ఇనుప తీగతో కుట్టుకున్న చెప్పు ఒక్కటి పది మాటల పెట్టు. కానీ ఏటా అదే ఫొటో చూసీ చూసీ, చెట్టు కింద కూర్చున్న ఆ చెప్పుల మనుషులు ఎలా కూర్చున్నారో, ఎవరు ఎవరితో ఏం మాట్లాడుకుంటున్నారో, ఎవరి ముఖంలో కోపముందో ఎవరి ముఖంలో అలవాటుపడ్డ విసుగుందో చూడాలన్న ఆశ నాకు మిగిలిపోయింది. ఫిల్డెస్ గీసింది సరిగ్గా ఆ చెట్టు కింది మనుషులను.

ఇంతమాత్రం చేత ఆ పత్రికలను నెత్తిన పెట్టుకోనక్కర లేదు. వాటి చూపు సముద్రం దాటగానే మారిపోయేది. 1876 నుంచి 1878 వరకు దక్కనును ఊడ్చిన కరువును మనవాళ్లు ధాత కరువు అన్నారు, ధాత నామ సంవత్సరంలో మొదలైంది గనుక. మద్రాసు, బొంబాయి రాష్ట్రాలతో పాటు మైసూరు, నిజాం రాజ్యాలు కూడా దాని పాలబడ్డాయి. బ్రిటిష్ పాలిత ప్రాంతాల్లోనే 55 లక్షల మందికి పైగా చనిపోయారని అంచనా. 1877 అక్టోబరు 20న ‘ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్’ బెంగళూరులో సహాయం కోసం ఎదురుచూస్తున్న కరువు జనం బొమ్మ వేసింది. ఇదీ వరుసే, ఇదీ ఎదురుచూపే. అదే బాక్స్‌వుడ్, అదే పనితనం. కానీ లండన్ వరుసలో తల్లికీ తాగుబోతుకూ తేడా పట్టిన కన్ను ఇక్కడ డొక్కల లెక్క దగ్గరే ఆగిపోయింది. చెక్కినవాడు మనవాళ్లను ఎన్నడూ చూసి ఎరగడు. ఎముకలు మాత్రం ఎక్కడైనా ఎముకలే కాబట్టి వాటిని శ్రద్ధగా చెక్కాడు. అదే కరువులో విల్లోబీ హూపర్ అనే సైనికాధికారి తీసిన ఫొటోల్లోనైతే జనాన్ని గుంపుగా కూర్చోబెట్టి, నిలబెట్టి తీసిన సంగతి చూస్తూనే తెలుస్తుంది. ఆ రెండింటిలో ఏది ఎక్కువ క్రూరమో నేను తేల్చుకోలేను. బొమ్మలోనివారు కనీసం కెమెరా ముందు కదలకుండా నిలబడే శ్రమ పడలేదు.

మనకు మన వీధుల బొమ్మలు వారం వారం గీసి పెట్టిన పత్రిక ఆ కాలంలో లేదు. నల్లగొండనుంచి ‘నీలగిరి పత్రిక’ రావడానికి 1922 దాకా ఆగవలసి వచ్చింది. పాలమూరు గడ్డమీది సురవరం ప్రతాపరెడ్డి గారు హైదరాబాదులో ‘గోలకొండ పత్రిక’ మొదలుపెట్టింది 1926లో. ఆయన తెలుగువారి సాంఘిక చరిత్ర రాయ సంకల్పించినప్పుడు, సామాన్యులు ఏం తిన్నారో, ఏం కట్టుకున్నారో, సంతలో ఏ ఆటలు ఆడారో తెలుసుకోవడానికి పాల్కురికి సోమన ద్విపదలనూ క్రీడాభిరామం పద్యాలనూ జల్లెడ పట్టవలసి వచ్చింది. రాజుల శాసనాలు కావలసినన్ని దొరికాయి గానీ వీధిలో నిలబడ్డవాడి బొమ్మ దొరకలేదు. పద్యంలోంచి తలపాగా చుట్టును ఊహించుకోవడం ఆయనకే చెల్లింది. లండన్ చరిత్రకారుడు అదే పని సంపుటం తెరిచి పుట తిప్పి చేస్తాడు.

చెక్క బ్లాకుల కాలం ముగిసిన తీరు కూడా చెప్పాలి. 1860ల్లోనే బొమ్మను దిమ్మ మీదికి ఫొటో ద్వారా దించడం మొదలైంది, దానితో చిత్రకారుడి అసలు కాగితం చెక్కుడులో నాశనం కాకుండా మిగిలింది. 1880ల్లో చుక్కలతో ఫొటోను అచ్చువేసే హాఫ్‌టోన్ బ్లాకు వచ్చింది. 1890 జనవరిలో ‘డైలీ గ్రాఫిక్’ అనే సచిత్ర దినపత్రిక మొదలైనప్పుడు దానికి చెక్కుడు పనివాళ్లు అక్కర లేకపోయింది, కలంతో గీసిన బొమ్మను ఫొటో తీసి జింకు రేకు మీద ఆమ్లంతో కొరికించేవారు. దాన్ని స్థాపించింది మరెవరో కాదు, చెక్కుడు పనిలోనే పెరిగిన ఆ విలియం థామస్. వెనకటి పనివాళ్లలో కొందరు హాఫ్‌టోన్ బ్లాకుల్లో మసకబారిన చోట్లను పనిముట్లతో సవరించే కొలువుల్లో కుదురుకున్నారు. మా నల్లగొండ ప్రెస్సుకు వచ్చిన జింకు వినాయకుడు ఆ 1890ల పద్ధతి సంతానమే.

ఈ బొమ్మలు చూడాలనుకునేవారికి ఒక మాట. వాన్ గో కత్తిరించి దాచుకున్న ప్రతులు ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆయన పేరిట ఉన్న మ్యూజియంలో ఉన్నాయి. పత్రికల పాత సంపుటాల స్కాన్‌లు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. ఫోనులో కాకుండా పెద్ద తెర మీద చూడండి. ముందు ఆకాశంలోనో గోడలోనో సమానంగా లాగిన గీతల మధ్య వెతకండి, అతుకు దొరికేది అక్కడే. దాన్ని పట్టుకొని కిందికి దిగితే ఏ ముఖం ఎవరి ముక్కలో పడిందో మీకే తెలుస్తుంది.